సీమ చదువుకు ఎంపిక: వలసపాలనాకాలపు ఉపకారవేతనాలు, తెలుగు సాహిత్యచరిత్ర

సారాంశం

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి భారతీయ విద్యార్థులు ఇంగ్లండు విశ్వవిద్యాలయాలకు వెళ్లడానికి పోటీ ఉపకారవేతనాలు ఒక ముఖ్యమార్గమయ్యాయి. ఆ వేతనాలకు విద్యార్థిని ఎంపిక చేసే పద్ధతి మూడు దశల్లో మారింది. మొదటి దశ విద్యార్థికి ఏమి తెలుసునని అడిగింది. రెండో దశ అతడు ఎటువంటి వాడని అడిగింది. మూడో దశ తిరిగివచ్చి ఎవరికి పనిచేస్తాడని అడిగింది. ఈ మార్పును గిల్‌క్రిస్ట్ ఉపకారవేతనం, 1886 నాటి భారతప్రభుత్వ ఉపకారవేతనాలు, బరోడా సంస్థానపు ఒప్పందం ఆధారంగా వివరించి, ఆ వెలుగులో కట్టమంచి రామలింగారెడ్డి విద్యాయాత్రను పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉపకారవేతనం, ఎంపిక, సీమ చదువు, గిల్‌క్రిస్ట్, కట్టమంచి రామలింగారెడ్డి, ఆధునిక విమర్శ

1. ప్రవేశిక

సీమ చదువు అనగానే తెలుగు పాఠకుడికి మొదట గుర్తుకువచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం'. మొగల్తూరు యువకుడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, రైలూ ఓడా ఎక్కి, అడుగడుగునా తడబడుతూ ఇంగ్లండు చేరే కథ అది. ఆ నవలలో ప్రయాణముంది, వేషభాషల ఇబ్బంది ఉంది, కొత్తలోకాన్ని చూసిన విస్మయముంది. ఎంపిక మాత్రం లేదు. పార్వతీశం ఏ ఉపకారవేతనం కోసమూ పోటీపడలేదు. ఏ సంఘం ముందూ నిలబడి తన అర్హతను నిరూపించుకోలేదు. ఇంటి నుంచి సొమ్ము సమకూరితే, సాహసం తోడైతే చాలుననుకున్న వర్గానికి ఆయన ప్రతినిధి.

ఆ కాలంలో సీమకు రెండు దారులుండేవి. ఒకటి సొమ్ము దారి. బారిష్టరు చదువుకు వెళ్లినవారిలో అధికులు నడిచినది ఇదే. రెండోది పోటీ దారి. సొంత ఖర్చుతో వెళ్లలేని విద్యార్థి ఒక పరీక్షలోనో, ఒక విశ్వవిద్యాలయపు సిఫారసుతోనో, ఒక సంస్థానాధిపతి ఔదార్యంతోనో వెళ్లే దారి ఇది. మొదటిదారిలో వెళ్లినవారిని మన సాహిత్యం హాస్యంగానో ఆరాధనగానో గుర్తుపెట్టుకుంది. రెండోదారి ఆధునిక తెలుగు ఆలోచనపై వేసిన ముద్ర తక్కువదేమీ కాదు. అయినా మన సాహిత్యచరిత్రల్లో అది సాధారణంగా 'ఉన్నతవిద్యకై కేంబ్రిడ్జి వెళ్లి' అన్న ఒక అసమాపక వాక్యంలో ముగిసిపోతుంది. ఆ వెళ్లడం ఎలా సాధ్యమైంది, ఎవరు ఎంపిక చేశారు, ఏ ప్రమాణంతో చేశారు, ఆ ప్రమాణం ఎవరిని గడప అవతలే ఉంచింది అన్న ప్రశ్నలు అందులో మరుగునపడతాయి. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను ముందుకు తెస్తుంది.

2. ఏమి తెలుసు? - పరీక్షాదశ

జాన్ బోర్త్‌విక్ గిల్‌క్రిస్ట్ (1759-1841) హిందుస్థానీ భాషావేత్తగా, కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల అధ్యాపకుడిగా సుపరిచితుడు. ఆయన ఆస్తితో ఏర్పడిన విద్యానిధి 1868 నుంచి భారతీయ విద్యార్థులకు బ్రిటన్‌లో చదువుకోవడానికి ఉపకారవేతనాలివ్వడం మొదలుపెట్టింది. ఎంపికకు ఆధారం పోటీపరీక్ష. అభ్యర్థి ఏ కులస్థుడు, ఎవరి కుమారుడు, ఎవరి సిఫారసు తెచ్చాడు అన్నవాటితో ఆ పరీక్షకు నిమిత్తం లేదు. ఆ మేరకు అది ఉదారమైన పద్ధతే.

అయితే ఆ పరీక్ష అడిగిన జ్ఞానం ఎటువంటిదో చూడాలి. 1882లో ఈ వేతనాన్ని గెలిచిన ప్రఫుల్లచంద్ర రే తన ఆత్మకథలో ఆ వివరాలు చెప్పారు. ఆంగ్లంతోపాటు లాటిన్, గ్రీకు లేదా సంస్కృతం, ఫ్రెంచి లేదా జర్మన్ రావాలి. అంటే అభ్యర్థికి నాలుగు భాషల్లో ప్రవేశముండాలి. లాటిన్, ఫ్రెంచి వంటి భాషలు బెంగాల్ గ్రామం నుంచి వచ్చిన విద్యార్థికి ఇంటా బడిలో సహజంగా అబ్బేవి కావు. రే వాటిని సొంతంగా సాధించారు. ప్రయత్నం విఫలమైతే నవ్వులపాలవుతానని ఆ సంగతిని దాదాపు అందరి దగ్గరా దాచారు. ఎలాగో తెలుసుకున్న సహాధ్యాయి ఒకరు ఎగతాళి కూడా చేశారు. ఆశ వదులుకున్న దశలో, తానూ బొంబాయికి చెందిన బహదూర్జీ అనే విద్యార్థీ ఎంపికైనట్లు ఆయన పత్రికలో చూసి తెలుసుకున్నారు.

తెలుగు పరిశోధకుడు ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. నాలుగు భాషల ఆ జాబితాలో సంస్కృతానికి చోటుంది. అదీ గ్రీకుకు ప్రత్యామ్నాయంగా, ప్రాచీనభాష హోదాలో. బంగ్లాకో తెలుగుకో తమిళానికో చోటు లేదు. విద్యార్థి ఏ భాషలో ఆలోచిస్తాడో ఆ భాష అతడి అర్హతలో లెక్కకు రాలేదు. మాతృభాషలోని పాండిత్యం విదేశీ విద్యకు పనికివచ్చే పెట్టుబడి కాదన్న సంకేతాన్ని ఈ పరీక్ష తొలితరం కళాశాల విద్యార్థులకు స్పష్టంగానే ఇచ్చింది.

పరీక్ష ఎంత నిష్పక్షపాతమైనా దానికి ముందు ఒక దరఖాస్తు ఉంటుంది. ఆ దరఖాస్తులోని గళ్లు ఒక సంస్కృతి లెక్కల ప్రకారం గీసినవి. ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం ఉపకారవేతనాలది కాదు, వాటితో ముడిపడిన ఇండియన్ సివిల్ సర్వీసు పోటీది. 1869లో సురేంద్రనాథ్ బెనర్జీ ఆ పరీక్షలో నెగ్గిన తరువాత ఆయన పేరు జాబితా నుంచి తొలగించారు. పూర్వం మెట్రిక్యులేషన్ సమయంలో చెప్పిన వయస్సుకూ, సివిల్ సర్వీసు దరఖాస్తులోని వయస్సుకూ పొంతన కుదరలేదన్నది అభియోగం. భారతీయుల వాడుకలో నడుస్తున్న ఏటినే వయస్సుగా చెబుతారు. తెలుగులోనూ 'పదహారో ఏడు నడుస్తోంది' అనడమే పరిపాటి. పూర్తయిన ఏళ్లనే లెక్కించే ఆంగ్లపద్ధతికి ఈ వాడుక అబద్ధంగా కనిపించింది. లండన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించాక ఆయన స్థానం ఆయనకు దక్కింది. ఒక భాషలోని సహజమైన పలుకుబడి మరో భాషలోని దరఖాస్తులో నేరమైన సందర్భమిది.

3. విశ్వవిద్యాలయం చేతికి ఎంపిక

సివిల్ సర్వీసు పరీక్ష లండన్‌లోనే జరగడం భారతీయులకు పెద్ద అడ్డంకి. ఓడ ఖర్చు, అక్కడి నివాసం, శిక్షణ అన్నీ భరించగలిగినవారే ఆ పోటీలోకి దిగగలిగేవారు. ఈ స్థితిలో 1868లో వైస్రాయ్ జాన్ లారెన్స్ ప్రభుత్వం ఏటా 200 పౌండ్ల విలువగల తొమ్మిది ఉపకారవేతనాల పథకాన్ని ప్రకటించింది. అది నిలదొక్కుకోకముందే భారతవ్యవహారాల మంత్రి డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ దాన్ని నిలిపివేశారు. ఇంగ్లండులో చదివి పోటీలో నెగ్గే భారతీయుల కంటే, ఇక్కడే ప్రభుత్వం ఏరుకుని నియమించే భారతీయులు పాలనకు అనుకూలమన్న ఆలోచన అప్పుడు బలంగా ఉంది. దాని ఫలితమే 1870 చట్టం.

భారతప్రభుత్వ ఉపకారవేతనాలు 1886లో మళ్లీ మొదలయ్యాయి. ఏటా 200 పౌండ్ల విలువగల ఈ వేతనాలు భారతీయ విశ్వవిద్యాలయాలకు వంతులవారీగా దక్కేవి. పద్ధతిలోని మార్పు ఇక్కడే ఉంది. గిల్‌క్రిస్ట్ పరీక్షకు విద్యార్థి తనంతట తానే కూర్చునేవాడు. ఈ వేతనానికి అతడి విశ్వవిద్యాలయం అతణ్ణి ముందుకు తేవాలి. ఫలితంగా పట్టా పరీక్షలో వచ్చిన స్థానంతోపాటు కళాశాల ప్రిన్సిపాలు అభిప్రాయం, ఆచార్యుల ఆదరణ, ఆ ఏడు వంతు ఏ విశ్వవిద్యాలయానిదన్న అదృష్టం కూడా ఎంపికలో భాగమయ్యాయి.

ఈ పద్ధతి ఇచ్చిన సత్ఫలితాలు కాదనలేనివి. బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి వెళ్లిన ఆర్.పి. పరాంజపే కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి 1899లో గణితశాస్త్రంలో సీనియర్ రాంగ్లర్ అయ్యారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే. అదే పద్ధతి తన హద్దును కూడా త్వరలోనే బయటపెట్టుకుంది. అదే బొంబాయి విశ్వవిద్యాలయంలో కొర్నీలియా సొరాబ్జీ పట్టా పరీక్షలో అగ్రస్థానం పొందారు. ఆ స్థానానికి ఇంగ్లండు ఉపకారవేతనం రావలసి ఉండగా, స్త్రీ అన్న కారణంతో తనకు నిరాకరించారని ఆమె చెప్పుకున్నారు. చివరకు ఇంగ్లండులోని కొందరు శ్రేయోభిలాషులు పోగుచేసిన నిధితో ఆమె ఆక్స్‌ఫర్డు సోమర్‌విల్ కళాశాలలో చేరి, 1892లో న్యాయశాస్త్ర పరీక్ష పూర్తిచేశారు. ఆ పరీక్షకు కూర్చున్న తొలి మహిళ ఆమె. మార్కుల పట్టిక ఆమెను అర్హురాలిగా చూపించింది. నియమాలు చదివినవారు కాదన్నారు. అర్హత వేరు, ఎంపిక వేరు అనడానికి ఇంతకుమించిన నిదర్శనం అక్కరలేదు.

విశ్వవిద్యాలయం ఎంపిక చేశాక కూడా విద్యార్థి మరో సంఘం ముందు నిలబడవలసి వచ్చేది. అది కులపెద్దల సంఘం. సముద్రయానం చేసినవారికి వెలి, తిరిగివస్తే ప్రాయశ్చిత్తం అనే నియమాలు అప్పటికి బలంగానే ఉన్నాయి. 1888లో సొంత ఖర్చుతో లండన్ బయలుదేరిన గాంధీజీని ఆయన కులపెద్దలు బొంబాయిలో వెలివేశారు. ఉపకారవేతనం ఓడ ఖర్చును తీర్చగలదు గాని ఈ అభ్యంతరాన్ని తీర్చలేదు. అందువల్ల దరఖాస్తు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం తొలుత ఇంట్లోనే జరిగేది. పరీక్షాఫలితాల పట్టికల్లో కనిపించని ఎంపిక ఇది.

4. ఎటువంటివాడు? ఎవరికి పనిచేస్తాడు? - నడవడిక, ఒప్పందం

ప్రభుత్వం ఉపకారవేతనం నుంచి ఆశించిన ఫలితానికీ, వచ్చిన ఫలితానికీ మొదటినుంచీ పొత్తు కుదరలేదు. ఎడింబరోలో విద్యార్థిగా ఉన్నప్పుడే ప్రఫుల్లచంద్ర రే 1857కు ముందూ తరువాతా ఉన్న భారతదేశ స్థితిపై విశ్వవిద్యాలయ రెక్టరు ప్రకటించిన వ్యాసపోటీకి పరిపాలనను ఘాటుగా విమర్శిస్తూ వ్యాసం పంపారు. బహుమతి రాలేదు. ఆయన దాన్ని పుస్తకంగా ప్రచురించారు. 1887లో డి.ఎస్సి. పట్టా పొంది స్వదేశానికి వచ్చిన ఆయనకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో దొరికింది నెలకు 250 రూపాయల తాత్కాలిక ఉద్యోగం. ఉన్నతశ్రేణి విద్యాశాఖ పదవులు దాదాపుగా ఆంగ్లేయులకే దక్కుతున్న కాలమది. సీమ పట్టా ఉన్నా సీమ జీతం రాదని తొలితరం విద్యార్థులు ఇలా తెలుసుకున్నారు.

హరదయాళ్ ఉదంతం ప్రభుత్వాన్ని మరింత కలవరపరచింది. పంజాబ్ విశ్వవిద్యాలయం తరఫున 1905లో భారతప్రభుత్వ ఉపకారవేతనంతో ఆక్స్‌ఫర్డు సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిన ఆయన, 1907లో పట్టా చేతికందకముందే ఆ వేతనాన్ని వదులుకున్నారు. పరాయి ప్రభుత్వపు సొమ్ముతో చదవడం తన రాజకీయ విశ్వాసానికి విరుద్ధమని భావించారు. పరీక్ష ఆయన మేధను సరిగానే కొలిచింది. విధేయతను కొలిచే గళ్లు అందులో లేవు.

1907లో భారతీయ విద్యార్థుల స్థితిగతుల విచారణకు లీ-వార్నర్ సంఘం ఏర్పడటంలో ఈ ఆందోళన పాత్ర ఉంది. 1909లో లండన్‌లో భారతీయ విద్యార్థులకు సమాచార కార్యాలయం, విద్యాసలహాదారు పదవి ఏర్పడ్డాయి. అదే ఏడు జులైలో మదన్‌లాల్ ఢీంగ్రా చేతిలో కర్జన్ వైలీ హతుడయ్యాక, ఆ ఏర్పాట్లను సలహాగా కాక నిఘాగా చూసిన విద్యార్థులు ఎక్కువయ్యారు. భారతదేశంలోనూ రాష్ట్రాలవారీగా సలహాసంఘాలు పుట్టాయి. విద్యార్థి నడవడికను గురించిన ధ్రువపత్రం, కుటుంబ స్థితి వివరాలు, స్థానిక అధికారుల అభిప్రాయం విదేశీ ప్రవేశానికి ముఖ్యమవుతూ వచ్చాయి. ఎంపిక ప్రశ్న ఇలా 'ఏమి తెలుసు?' నుంచి 'ఎటువంటివాడు?'కు మారింది.

మూడో ప్రశ్నను సంస్థానాలు మరింత సూటిగా అడిగాయి. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు వేతనం. చదువు ముగిశాక పదేళ్లు సంస్థాన సేవ. ఇదీ ఒప్పందం. కులం వల్ల చదువుకు దూరమైన వర్గానికి చెందిన యువకుణ్ణి ఎంపిక చేయడం సయాజీరావు గాయక్వాడ్ దూరదృష్టికి నిదర్శనం. అయితే 1917లో ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగానికి చేరిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో తలదాచుకునే ఇల్లు దొరకలేదు. కింది ఉద్యోగులు సైతం అంటరానితనం పాటించారు. ఆయన ఆ ఉద్యోగం వదిలివెళ్లవలసి వచ్చింది. ఒప్పందపత్రం విద్యార్థి బాధ్యతలను సంఖ్యల్లో నిర్దేశించింది. తిరిగివచ్చిన విద్యార్థిపట్ల సమాజం బాధ్యతేమిటో ఏ పత్రంలోనూ రాయలేదు. విదేశీవిద్యా ఉపకారవేతనాల చరిత్రలో ఇంతకన్న పెద్ద అసమతౌల్యం లేదు.

5. జాబితా వెలుపలి దారులు

పై మూడు దశలు ఒకదాన్ని తొలగించి మరొకటి వచ్చినవి కావు. అవి పక్కపక్కనే నడిచాయి. హైదరాబాదులోని ఒకే ఇంట్లో రెండు పద్ధతులు కనిపించడం ఇందుకు చక్కని ఉదాహరణ. అఘోరనాథ చట్టోపాధ్యాయ గిల్‌క్రిస్ట్ వేతనంతో ఎడింబరో వెళ్లి 1877లో డి.ఎస్సి. పొందారు. నిజాం కళాశాలగా రూపొందిన విద్యాసంస్థకు ఆయన తొలిరోజుల సారథి. ఆయన కుమార్తె సరోజిని 1895లో పదహారేళ్ల ప్రాయంలో నిజాం ప్రత్యేకంగా ఇచ్చిన ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కళాశాలలో, ఆపై కేంబ్రిడ్జి గిర్టన్ కళాశాలలో చదివారు. తండ్రిది బహిరంగ పరీక్ష. కుమార్తెది పాలకుని అనుగ్రహం. ప్రభుత్వ ఉపకారవేతనం సొరాబ్జీకి తలుపు మూసిన కొద్ది ఏళ్లకే ఒక సంస్థానం మరో యువతికి తలుపు తెరవగలిగింది. కాని ఆ తలుపు తట్టే అవకాశం, పాలకునికి చేరువగా ఉన్న ఇంటి బిడ్డకే దక్కింది. పరీక్ష స్త్రీని కాదనగలదు. అనుగ్రహం అపరిచితులను కాదంటుంది.

కోస్తాంధ్రలో మూడో దారి కనిపిస్తుంది. మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. ఉపకారవేతనాలకు అవసరమైన ఉన్నతశ్రేణి పట్టిక ఆయన వద్ద లేదు. 1920ల ఆరంభంలో ఆయన అమెరికా వెళ్లి హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదవగలగడానికి మామగారి సాయమూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూతా ఆధారమయ్యాయి. తరువాతి కాలంలో జీవరసాయనశాస్త్రంలో ఆయన సాధించిన విజయాలను చూస్తే, మద్రాసు పట్టా ఆయన ప్రతిభకు ఎంత పేలవమైన కొలమానమో అర్థమవుతుంది. ఎంపికసంఘాలు చూసే కాగితాలు పూర్వపు ఎంపికల ఫలితాలే. ఒకచోట జరిగిన పొరపాటు తదుపరి దరఖాస్తులన్నింటిలోనూ ధ్రువపత్రమై కూర్చుంటుంది. సుబ్బారావు విషయంలో ఆ గొలుసును తెంచింది ప్రభుత్వవేతనం కాదు. బంధుత్వమూ స్థానిక దాతృత్వమూ.

6. కట్టమంచి రామలింగారెడ్డి: ఎంపికకు ముందు, తరువాత

ఈ నేపథ్యంలో కట్టమంచి రామలింగారెడ్డి (1880-1951) విద్యాయాత్రను చూస్తే సాహిత్యచరిత్రకారులు తరచూ వదిలేసే కొన్ని సంగతులు బయటపడతాయి. చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చరిత్ర, తత్త్వశాస్త్రాలు చదివి, 1902లో పట్టభద్రులై, భారతప్రభుత్వ ఉపకారవేతనంతో ఆయన కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. మూడేళ్ల ముందు పరాంజపే సీనియర్ రాంగ్లర్ అయిన కళాశాల అదే. చరిత్రలో ఉన్నతశ్రేణి పొందారు. కేంబ్రిడ్జి యూనియన్ ఉపాధ్యక్షపదవికి ఎన్నికయ్యారు.

ఆధునిక తెలుగు విమర్శకు రామలింగారెడ్డిని ఆద్యులుగా చెప్పేటప్పుడు 'పాశ్చాత్య విద్యాప్రభావం' అన్న మాట వెంటనే వస్తుంది. 'కవిత్వతత్త్వ విచారము' 1914లో వెలువడింది. కేంబ్రిడ్జి చదువు అంతకు ముందుది. కాబట్టి ఒకటి రెండోదానికి కారణమని అనుకోవడం సులభం. అయితే కాలక్రమాన్ని ఇంకొంచెం వెనక్కు జరిపితే ఈ సూత్రం నిలవదు. 'ముసలమ్మ మరణము' కావ్యం ఆయన మద్రాసులో విద్యార్థిగా ఉండగా, కళాశాలలోని ఆంధ్రభాషాభిరంజని సమాజం పోటీకి 1899లో రాసినది. అనంతపురం ప్రాంతపు బుక్కరాయసముద్రం చెరువు తెగినప్పుడు ఊరికోసం ప్రాణమిచ్చిన స్త్రీ కథ అది. సి.పి. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన స్థానిక చరిత్రలోని కథను తీసుకుని, పురాణపాత్రలను కాదని ఒక సామాన్యస్త్రీని నాయికను చేయడం, వర్ణనలను అదుపులో ఉంచి కథకు ప్రాధాన్యమివ్వడం అందులో కనిపిస్తాయి. ప్రబంధాల్లోని వర్ణనాతిశయాన్ని ప్రశ్నించి, పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లోని కథానిర్మాణాన్ని మెచ్చుకున్న విమర్శదృష్టికి బీజాలు ఇక్కడే ఉన్నాయి. ఓడ ఎక్కకముందే అవి మొలకెత్తాయి.

ఇందులో గమనార్హమైన పోలిక ఒకటుంది. రామలింగారెడ్డి విద్యార్థిదశలో రెండు పోటీల్లో నెగ్గారు. ఒకటి తెలుగు సమాజం పెట్టిన కావ్యరచన పోటీ. మరొకటి ప్రభుత్వ ఉపకారవేతనం. మొదటిది తెలుగులో ఆయన ప్రతిభను కొలిచింది. రెండోది చరిత్రలో, తత్త్వశాస్త్రంలో, ఆంగ్లంలో ఆయన ప్రతిభను కొలిచింది. మొదటి పోటీ ఆయనకు ఒక కావ్యాన్నిచ్చింది. రెండోది ఒక హోదానిచ్చింది. సాహిత్యచరిత్ర ఆ హోదాను చూసి కావ్యాన్ని వివరించే అలవాటు చేసుకుంది. ఉపకారవేతనం ప్రతిభను సృష్టించలేదు. మద్రాసు కళాశాలల్లోని తెలుగు సమాజాలు, పండితులు, పోటీలు రూపొందించిన ప్రతిభను అది గుర్తించి, విస్తృతం చేసింది. ఈ రెంటినీ విడదీయకపోతే కళాశాలల్లోని తెలుగు సమాజాలకు దక్కవలసిన గౌరవం కేంబ్రిడ్జి ఖాతాలో పడుతుంది.

కేంబ్రిడ్జి ఇచ్చినది తక్కువేమీ కాదు. తులనాత్మక దృష్టి, చరిత్రపరమైన ప్రశ్న, గ్రంథకర్తను గౌరవిస్తూనే నిలదీసే ధైర్యం అక్కడ పదునెక్కాయి. తిరిగివచ్చాక బరోడా కళాశాలలో, మైసూరు మహారాజా కళాశాలలో పనిచేస్తూ ఆయన అర్థశాస్త్రాన్ని తెలుగులో రాశారు. అది ఉపకారవేతనం ఆశించిన ఫలితాల్లో లేదు. ఏ భాష తన ఎంపికలో లెక్కకు రాలేదో ఆ భాషకే ఆయన తన చదువును తెచ్చి ఇచ్చారు. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి ఉపాధ్యక్షులయ్యారు. 1930లో శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవిని వదులుకున్నారు. ప్రభుత్వవేతనంతో చదివినవారు ప్రభుత్వానికి అనుకూలురవుతారన్న లెక్క హరదయాళ్ విషయంలో రెండేళ్లలో తప్పింది. రామలింగారెడ్డి విషయంలో ఇరవై ఎనిమిదేళ్లకు తప్పింది.

ఆయన తరువాత 1931లో ఆ పదవికి వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయనదీ మద్రాసు క్రైస్తవ కళాశాలే. కాని విద్యార్థిగా ఏనాడూ విదేశానికి వెళ్లలేదు. ఆక్స్‌ఫర్డుకు వెళ్లింది ఆచార్యుడిగా. ఒకే కళాశాల నుంచి వచ్చి, ఒకే విశ్వవిద్యాలయాన్ని నడిపిన ఈ ఇద్దరిలో ఒకరికి సీమ పట్టా ఉంది, మరొకరికి లేదు. విదేశీ చదువే ఆధునిక ఆలోచనకు మూలమన్న వాదానికి ఈ వరుసే సమాధానం. 1921లో నియమితమై మరుసటి ఏడు నివేదిక ఇచ్చిన లిట్టన్ సంఘం కూడా, భారతీయ విద్యార్థుల ఇబ్బందులకు అసలు పరిష్కారం భారతదేశంలోనే ఉన్నతవిద్యను పెంపొందించడమని భావించింది. తెలుగు ప్రాంతంలో ఆ పనికి నాలుగేళ్ల తరువాత పూనుకున్నవారు ఒకనాటి ఉపకారవేతన విద్యార్థే కావడం విశేషం.

7. ముగింపు

స్వాతంత్ర్యానంతరం విదేశీవిద్యా ఉపకారవేతనాల లక్ష్యం మారింది. 1950ల నుంచి షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు జాతీయస్థాయిలో విదేశీ ఉపకారవేతనం అమలైంది. తెలంగాణలో అంబేడ్కర్ పేరిట విదేశీవిద్యానిధి ఏర్పడింది. బరోడా ఒప్పందంలో ఒక పాలకుని విచక్షణగా ఉన్నది ఇప్పుడు ప్రభుత్వ విధానమైంది. ఇది చిన్న మార్పు కాదు. అయినా నేటి దరఖాస్తులో పాత మూడు ప్రశ్నలూ కొత్తరూపంలో ఉన్నాయి. ఆంగ్లభాషా పరీక్ష మొదటి ప్రశ్నకు వారసురాలు. ఆచార్యుల సిఫారసు లేఖలు రెండోదానికి, ఉద్దేశప్రకటన మూడోదానికి వారసులు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి మొదటి గడపే ఇప్పటికీ ఎత్తైనది.

ఈ పరిశీలన నుంచి సాహిత్యచరిత్ర రచనకు మూడు సూచనలు లభిస్తాయి. మొదటిది, రచయిత జీవితంలో విదేశీ విద్యను పేర్కొన్నప్పుడు దాన్ని సాధ్యంచేసిన సంస్థనూ, ఎంపికపద్ధతినీ కూడా పేర్కొనాలి. రెండోది, 'పాశ్చాత్యప్రభావం' అన్న విశాలమైన మాట వాడేముందు ఆ రచయిత ఇక్కడ పొందిన శిక్షణను కాలక్రమంలో పరిశీలించాలి. కళాశాలల్లోని తెలుగు సమాజాల చరిత్ర ఇందుకు విలువైన ఆధారం. మూడోది, ఎంపికైనవారి జాబితాతోపాటు ఎంపికకు నోచుకోనివారిని కూడా చరిత్రలో భాగంగా చూడాలి. సొరాబ్జీకి తలుపు మూసిన నియమం, సుబ్బారావును వెనక్కు నెట్టిన పట్టా, అంబేడ్కర్‌కు ఇల్లివ్వని ఊరు ఎంపికచరిత్రలో అంతర్భాగాలే. ఆ జాబితాలను ఎవరు తయారుచేశారన్న ప్రశ్న అడిగినప్పుడే 'ఉన్నతవిద్యకై కేంబ్రిడ్జి వెళ్లి' అన్న అసమాపక వాక్యం పూర్తవుతుంది.